రొండిన దోపిన ఫోన్

పోయిన వారం బస్సులో నా ఫోన్ నా పరువు తీసింది. త్రిపురాంతకం నుంచి మార్కాపురం వస్తున్నాను. హ్యాండ్‌బ్యాగులో దువ్వెనకీ టిఫిన్ డబ్బాకీ మధ్య నలుగుతూ అది దానంతట అదే మా కాలేజీ ప్రిన్సిపాల్‌గారికి ఫోన్ కలిపింది. సరిగ్గా ఆ సమయానికి నేను పక్క సీటావిడకు ఆ ప్రిన్సిపాల్‌గారి చాదస్తం గురించే ఉదాహరణలతో సహా వివరిస్తున్నాను. ఆయన టైము పట్టింపు, ఆయన దగ్గు, మీటింగులో పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండటం, ఏదీ వదల్లేదు. మర్నాడు ఆయన నన్ను గదిలోకి పిలిచి, ఫోన్ బ్యాగులో వేసుకునే ముందు లాక్ చేసుకోండమ్మా అని మాత్రం అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

బయటికొచ్చి నా కుర్చీలో కూలబడ్డాక, సిగ్గుపడాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. కొన్నేళ్ళ కిందట అదే మాట, అంత నెమ్మదిగానూ, నేను మా పెద్దమ్మకు చెప్పాను. ఆ రోజంతా ఫీజు కట్టడానికి వచ్చిన పిల్లలు ఏం అడుగుతున్నా నాకు ఆమె గొంతే వినపడుతూ ఉంది. ఆమె పోయి ఏడాది దాటింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క కాదు. మార్కాపురానికీ త్రిపురాంతకానికీ మధ్య ఉన్న మా ఊళ్ళో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ గోడ ఒకటే. మాది గొర్రెలు కాసుకునే ఇల్లు, వాళ్ళది చర్చికి పోయే ఇల్లు. పొద్దున్నే మా ఇంట్లో దేవుడి పటం ముందు దీపం వెలిగే వేళకు అవతల ఆమె పాట అందుకునేది. ఆ పాటలో మొదటి చరణం తప్ప ఆమెకు ఏదీ గుర్తుండదు. అది అయిపోగానే మళ్ళీ మొదటికి వచ్చి, కొత్తగా ఎత్తుకున్నంత ఉత్సాహంగా పాడేది. నాకు వరస కుదిరినట్టే ఊళ్ళో అందరికీ ఆమె పెద్దమ్మో, అక్కో, వదినో. పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు.

పొట్టి మనిషి. నడక మాత్రం పొడుగువాళ్ళకు కూడా అందదు. కాస్త ముందుకు వంగి, బస్సు కదిలిపోతోందని ఎవరో చెప్పినట్టు నడిచేది. వయసులో ఉన్నప్పటి నుంచీ పలకల ఫ్యాక్టరీలో పనిచేసింది. బళ్ళో పిల్లలు రాసుకునే పలకలు కావు, గోడలకు అతికించే రాతి పలకలు. వాటిని పెట్టెల్లో సర్దడం ఆమె పని. ఆ రాతి బూడిద రంగు ఆమె గోళ్ళ కింద స్థిరపడిపోయింది. పండగకు సబ్బుతో ఎంత తోముకున్నా పోయేది కాదు, ఆమె కూడా దాన్ని పోగొట్టుకోవాలని పెద్దగా పట్టుబట్టలేదు.

ఆమెకు ఊళ్ళో ఇంకో పని ఉండేది. జీతం లేని పని. ఎవరికి ఏ కష్టమొచ్చినా వచ్చి ఆమెకు చెప్పుకునేవాళ్ళు. చెప్పడం మొదలుపెట్టగానే ఆమె చేతిలో పని ఆపేసి కొంగు నెత్తిన వేసుకునేది. వీధికి అటు చివర నుంచి చూసేవాళ్ళకు కూడా, ఆమె నెత్తిన కొంగు పడిందంటే ఎవరిదో బాధ నడుస్తోందని తెలిసిపోయేది. అటువైపు పోయేవాళ్ళు పక్క సందులోంచి తిరిగి పోయేవాళ్ళు. సలహా ఇచ్చేది కాదు. అయ్యో అని నెత్తి కొట్టుకునేది కాదు. అంతా విని, "సరే, చెప్తాలే ఆయనకు," అనేది. ఆయన అంటే ఆమె దేవుడు. మా ఇళ్ళవాళ్ళకు ఆ దేవుడితో పరిచయం లేకపోయినా, పెద్దమ్మ చేత చెప్పిస్తే పోయేదేముంది అనుకునేవాళ్ళు.

కానీ చెప్పేముందు ఆమె వివరాలన్నీ అడిగేది. కోడలికి బాగాలేదంటే చాలదు. ఏ ఊరి కోడలు, పెద్ద కోడలా చిన్న కోడలా, నొప్పి కుడివైపా ఎడమవైపా, కొమరోలులో చూపిస్తున్నారా గిద్దలూరులోనా, డాక్టరు మగాయనా ఆడమనిషా. అన్నీ సరిగ్గా తెలిస్తేనే ప్రార్థన. ఒకసారి పాస్టరుగారు నవ్వి, ఇవన్నీ దేవుడికి తెలియవా పెద్దమ్మా అని అడిగాడట. "ఆయనకు తెలుసయ్యా. నేను సక్రమంగా కనుక్కున్నానా లేదా అని సూచ్చాడు," అందట ఆమె. ఆ తర్వాత పాస్టరుగారు ఆ జోలికి పోలేదు.

ఇన్ని వివరాలు కడుపులో పెట్టుకున్న మనిషి వాటిలో ఒక్కటి కూడా ఇంకొకరికి చెప్పగా ఎవరూ వినలేదు. మా అమ్మ కూపీ లాగడంలో ఆరితేరినది. గోడ మీదుగా ఎన్ని విధాల ప్రయత్నించినా ఎండల గురించీ, కందిపప్పు రేటు గురించీ తప్ప ఏమీ రాబట్టలేకపోయింది. ప్రార్థన కూడా ఆమె ఇంట్లో చేసేది కాదు, గోడ ఒకటే కదా. వివరాలు పైకి చెప్పకపోతే ఆమెకు ప్రార్థన చేసినట్టు ఉండదు. అందుకని తెల్లవారుజామునే లేచి ఊరి బయట పలకల దిబ్బ దగ్గరికి పోయేది. గనుల్లోంచి తీసి పనికిరావని పారబోసిన రాతి ముక్కల గుట్ట అది. దాని అవతల పక్క నిలబడి, ఎవరూ వినరన్న ధీమాతో, ఊరి కష్టాలన్నీ ఒక్కొక్కటిగా, ఇంటి గుర్తులతో సహా గట్టిగా చెప్పేది.

ఇలా ఏ లోటూ లేకుండా సాగుతున్న వ్యవహారంలోకి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. గిద్దలూరులో కాపురముంటున్న ఆమె కూతురు తను కొత్తది కొనుక్కుని పాతది తల్లికి ఇచ్చింది. ఆ పిల్ల అప్పుడు కడుపుతో ఉంది, నెలలు నిండుతున్నాయి. ఎప్పుడు కబురు చేస్తుందో తెలియదు కాబట్టి ఫోన్ ఆపకూడదు, దగ్గర లేకుండా ఉండకూడదు అని గట్టిగా చెప్పి పోయింది. పెద్దమ్మ బైబిలు చదవగలదు గానీ ఫోన్‌లో సన్న అక్షరాలు ఆమె కంటికి ఆనవు. అందుకని కూతురే తెర మీద నలుగురి బొమ్మలు పెట్టింది. కూతురిది, నాది, పాస్టరుగారిది, ఊరి స్టాపు దగ్గర టీ కొట్టు ఆయనది. బొమ్మ మీద వేలు పెడితే చాలు, ఫోన్ పోతుంది. టీ కొట్టు ఆయన ఎందుకంటే, బస్సు వచ్చిందా పోయిందా అని అడగడానికి.

పెద్దమ్మ ఆ ఫోన్‌ను డబ్బుల సంచీతో పాటు రొండిన చీర కుచ్చెళ్ళ పక్కన దోపుకునేది. అక్కడి నుంచి మొదలైంది.

ఆఫీసులో కూర్చుని ఉంటే నా ఫోన్ మోగేది. ఎత్తితే ముందు చీర రాపిడి, ఆ వెనక ఆమె గొంతు. పక్కింటి గడ్డివాములో గుడ్లు పెట్టి వచ్చే కోడిపెట్టను, తిన్న ఇంటికే ద్రోహం చేస్తావా అని నిలదీస్తుండేది. ఇంకో రోజు పాట. మొదటి చరణం, మళ్ళీ మొదటి చరణం. పెద్దమ్మా పెద్దమ్మా అని నేను అరిస్తే, ఎవురబ్బా పిలిచేది అని వెనక్కి తిరిగి చూసుకున్నట్టు వినపడేది. పాస్టరుగారికి కూడా ఒక ఫోన్ పోయింది. ఆ ఆదివారం చర్చిలో వాక్యం చెప్పడం మరీ సాగదీసినాడని, కూర అడుగంటిందని ఆమె ఎవరితోనో అంటుండగా ఆయన చెవిన పడింది. తర్వాతి ఆదివారం అందరూ పొద్దెక్కకముందే ఇళ్ళకు చేరారు. ఆ ఫోన్ చల్లగా ఉండాలని చాలామంది అనుకున్నారు.

అంతవరకు నవ్వుకునే సంగతే. అసలు గొడవ మా గొర్రెల మామ దగ్గర వచ్చింది.

మామ అంటే మా అమ్మకు తమ్ముడి వరస. పెద్ద మీసాలు, పెద్ద గొంతు. పొట్టేళ్ళు కుమ్ముకుంటుంటే మధ్యలోకి పోయి కొమ్ములు పట్టుకుని విడదీసే మనిషి. ఆయనకు ఒక కంట్లో శుక్లం వచ్చింది. మార్కాపురంలో డాక్టరు చూసి ఆపరేషన్ చేయాలన్నాడు. మామ ఇంటికొచ్చి, డాక్టరు వాయిదా వేశాడని చెప్పాడు. ఆ తర్వాత ఇంకోసారి వేశాడన్నాడు. ఒకరోజు గొర్రెలు తోలుకుపోతూ పెద్దమ్మ ఒక్కతే కనపడితే ఆగి అసలు మాట చెప్పుకున్నాడు. కంట్లో సూది పెడతారంటే తనకు చెప్పలేనంత భయం. ఇంట్లో చెబితే నవ్వుతారు. పెద్దమ్మ కొంగు నెత్తిన వేసుకుని అంతా విని, ఏ కన్నో అడిగి, సరే చెప్తాలే అంది.

మర్నాడు తెల్లవారుజామున ఆమె పలకల దిబ్బ అవతల నిలబడి ప్రార్థన చేస్తుండగా రొండిలోంచి టీ కొట్టుకు ఫోన్ పోయింది. టీ కొట్టు ఆయన ఎవరో కాదు, మామకు సొంత బావమరిది. ఎగతాళికి ఊరంతటికీ పెద్ద. పాలు పొంగుతున్నాయని చేయి ఖాళీ లేక స్పీకర్ పెట్టాడు. బస్సు కోసం పెద్దమ్మ అడుగుతుందనుకున్నాడు. టీ తాగడానికి వచ్చిన జనమంతా గ్లాసులు పట్టుకుని విన్నారు.

"ప్రభువా, మా ఇంటికి తూర్పున గొర్రెల దొడ్డి ఉన్నాయన, పెద్ద మీసాలాయన, నీకు తెలుసు. ఎడమ కన్ను. డాక్టరు వాయిదా ఏసినాడని పెండ్లాముకు అబద్ధం చెప్పినాడు, అది క్షమించు. సూదంటే వణికిపోతాండాడు. పసిబిడ్డ లెక్కన భయపడతాండాడు. ఆయనకు ధైర్యం ఇయ్యి."

ఆమెన్ అని టీ కొట్టులో ఎవరో అన్నారట. ఆ రోజు నుంచి మామ వీధిలోకి వస్తే చాలు, పిల్లా పెద్దా చేతులతో సూది పొడిచినట్టు చూపించేవాళ్ళు. అత్త అయితే భయపడినందుకు కాదు, అబద్ధం చెప్పినందుకు మాట్లాడటం మానేసింది. మామ టీ కొట్టు వైపు పోవడం ఆపి, గొర్రెలను చుట్టుదారిన తోలుకుపోయేవాడు. ఆపరేషన్ మాట ఎత్తితే, కన్ను పోతే పోనీ ఇక జన్మలో ఆస్పత్రి గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాడు. పెద్దమ్మ ఎదురైతే మొహం తిప్పేసుకున్నాడు.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఆమెకు శుక్రవారం తగిలింది. ప్రతి శుక్రవారం ఆడవాళ్ళంతా ఉపవాసముండి ఆమె ఇంట్లో కూడి ప్రార్థన చేసుకుంటారు. దానికి ముందు ఒక్కొక్కరు ఆమె పక్కకు వచ్చి తమ సంగతి చెవిలో చెప్పుకోవడం అలవాటు. ఆ శుక్రవారం ఎవరూ పక్కకు రాలేదు. ఏమన్నా చెప్పేది ఉందా అని ఆమే అడిగింది. ఒకరి మొహం ఒకరు చూసుకుని, అందరూ బాగుండాలని ప్రార్థన చెయ్యి పెద్దమ్మా అన్నారు. ఆ తర్వాతి శుక్రవారమూ అదే మాట. వచ్చేవాళ్ళు కూడా తగ్గారు.

ఒక రెండో శనివారం పొద్దున్నే ఆమె మార్కాపురంలో ఉద్యోగం కోసం నేను ఉంటున్న ఇంటి తలుపు కొట్టింది. ఎప్పుడూ గడపలోంచే, అన్నం తిన్యావా పాపా అంటూ వచ్చే మనిషి, ఆ రోజు నేరుగా వచ్చి కూర్చుని ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

"దీని నోరు మూయించు పాపా. అందరూ బాగుండాల అంటే నేను ఆయనకు ఏందని చెప్పాల? ఏ ఇల్లని చెప్పాల? దిబ్బ కాడికి పోయి ఊరికే నిలబడి వచ్చాండా."

ఆమె ఏడవగా అంతకుముందు చూడలేదు, అప్పుడు కూడా ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఖాళీగా కూర్చుంది. ఆమె చేతులు అంత ఊరికే ఉండటం నాకు ఏడుపు కంటే కష్టంగా అనిపించింది. మామ కన్ను గురించి కూడా చెప్పింది. శుక్లం ముదిరి ఆ కన్ను పోతే, నా రొండిలో ఫోన్ పోగొట్టినట్టే గదా అంది.

నేను పనిలోకి దిగాను. ఆమెకు నేను చెప్పిన మొదటి మాట అదే, లాక్ చేసుకుంటే మంచిది పెద్దమ్మా అని. తెర మీద చుక్కలు కలుపుతూ గీసే తాళం పెట్టాను. ఆమె వేలు గీస్తే ఫోన్ గుర్తించడం లేదు. పలకలు మోసి మోసి ఆ వేళ్ళు గట్టిపడి ఉన్నాయి. వేలిముద్ర పెడదామంటే గీతలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి. చివరికి వేలు నాలుకకు తడి చేసుకుని ఎలాగో గీసింది. సరే ఒకసారి నడిచి చూడమన్నాను. రొండిన దోపుకుని వసారాలో అటూ ఇటూ నడిచిందో లేదో, ఆమె నడుము దగ్గర నుంచి ఎవరో ఆడపిల్ల గొంతు చాలా మర్యాదగా, చెప్పండి మీకేం ప్రమాదం జరిగింది అని అడిగింది. తాళం వేసినా అత్యవసర నంబరుకు మాత్రం ఫోన్ పోతుంది కదా, అది పోయింది. పెద్దమ్మ కంగారుపడకుండా రొండి వైపు వంగి, ఏం లేదమ్మా, నువ్వు అన్నం తిన్యావా అని అడిగింది. నేను ఫోన్ లాక్కుని ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకునేసరికి నవ్వాపుకోలేక దగ్గొచ్చింది. ఆ రోజు మొదటిసారి పెద్దమ్మ కూడా నవ్వింది.

అప్పుడు నాకు అసలు సంగతి తట్టింది. వేలికి పలకని ఫోన్ నడుముకు ఎలా పలుకుతోంది? మళ్ళీ దోపుకోమని గమనించి చూశాను. అద్దం వైపు లోపలికి పెట్టి, ఒంటికి ఆనించి దోపుకుంటోంది. అక్కడ చర్మం మెత్తన, పైగా చెమట. నడిచినప్పుడల్లా ఏదో ఒక బొమ్మ నొక్కుకుంటోంది. ఎందుకట్లా పెడతావని అడిగాను. ఆమె నా వంక జాలిగా చూసింది. పలకకు నున్నగా తీసిన ముఖం ఒకవైపే ఉంటుందట. పెట్టెలో సర్దేటప్పుడు రెండు పలకల ముఖాలు ఎదురెదురుగా పెట్టాలట. నున్నటి వైపు బయటికి పెడితే గీతలు పడి సరుకు వెనక్కి వస్తుందట. అద్దం బయటికి పెట్టుకుని గంప మోస్తే ఇంకేమన్నా ఉందా అని నన్నే అడిగింది. నేను తిప్పి పెట్టాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె చేయి దాన్ని మళ్ళీ లోపలికి తిప్పేసింది. ఎన్నిసార్లు తిప్పినా అంతే. ఆ చేతికి చెప్పి ప్రయోజనం లేదని ఇద్దరమూ ఒప్పుకున్నాం.

సెట్టింగుల్లో పడి వెతికాను. ఫోన్ జేబులో ఉన్నప్పుడు తాకినా పలకకుండా ఉండే ఏర్పాటు ఒకటి కనపడింది. తెరకు పై అంచున చిన్న కన్ను లాంటిది ఉంటుంది. దానికి ఏదైనా అడ్డం పడితే ఫోన్ తాను జేబులో ఉన్నానని తెలుసుకుని తెర వెలిగించదు. అంటే అద్దం ఒంటికి ఆని ఉంటేనే మంచిది. ఈ మాట చెప్పగానే పెద్దమ్మ, చూసినావా, నేను పెట్టిందే సరైంది అంది. ఆ ఏర్పాటు పెట్టాను. గీసే తాళం తీసేశాను. తెరను తట్టితే వెలిగేది ఆపేశాను. నలుగురి బొమ్మలనూ వెనక పేజీకి మార్చాను. చివరికి పక్కన ఉండే బొత్తాం చూపించి, మాట్లాడటం అయ్యాక దాన్ని నొక్కి తెర ఆర్పి మరీ దోపుకోమన్నాను. నిద్రపుచ్చాలన్నమాట, అంది. అవును, నిద్రపుచ్చాలి.

ఇక పరీక్ష. గిద్దలూరు పిల్లకు, టీ కొట్టుకు, పాస్టరుగారికి ఫోన్ చేసి, పెద్దమ్మ దగ్గర నుంచి ఫోన్ వస్తే నాకు చెప్పమన్నాను. ఆమె ఫోన్ నిద్రపుచ్చి దోపుకుని మిద్దె మీదికి పోయి నేను ఉతికిన బట్టలన్నీ ఆరేసింది. వంగింది, లేచింది, దుప్పటి పిండింది. పైగా గట్టిగా ప్రార్థన కూడా చేసింది. మార్కాపురంలో కాలేజీలో పనిచేసే మా పిల్లకు ఓపిక ఇయ్యి, దాని పప్పులో ఉప్పు తక్కువ ఉంటాది అది కూడా సూడు అని నాకు కిందికి వినపడింది. ఎవరి ఫోనూ మోగలేదు.

దిగి వచ్చి నీళ్ళు తాగింది. సంతోషపడుతుందనుకున్నాను. ఫోన్ బాగైంది గానీ బాగైందని ఎవరికని చెప్పేది, చెప్పినా ఎవరు నమ్ముతారు అంది. గ్లాసు బోర్లించి, మధ్యాహ్నం బస్సుకు నువ్వు కూడా రా పాపా అంది. ఆమె నడకతో పోటీపడుతూ బస్టాండుకు పరుగెత్తాను.

ఊళ్ళో దిగి నేరుగా గొర్రెల దొడ్డికి పోయాం. మామ ఒక గొర్రెపిల్లకు కాలి గాయానికి మందు రాస్తున్నాడు. మమ్మల్ని చూసి తల దించుకుని ఇంకా మందు రాశాడు. గొర్రెపిల్ల కాలు మొత్తం పసుపచ్చ అయింది. పెద్దమ్మ రొండిలోంచి ఫోన్ తీసి, ఆయన చూసేటట్టుగా నా చేతిలో పెట్టింది. దీన్ని పట్టుకుని రోడ్డు మీదికి పో అంది. నేను కదిలేలోపు ఆమె మామతో అన్న మాట మాత్రం విన్నాను.

"అబ్బయ్యా, నీది ఊరంతా ఇన్నది. అది నా వల్లనే. నాది ఒకటుండాది, ఇప్పటిదాకా ఎవురికీ చెప్పలా. నీకు చెప్తా. దాచుకుంటావో, టీ కొట్టు కాడ చెప్పుకుంటావో నీ ఇష్టం."

నేను రోడ్డు మీదికి పోయి ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. దూరం నుంచి చూస్తే ఆమె చెబుతోంది, మామ వింటున్నాడు. ఆమె నెత్తిన కొంగు లేదు. మొదట మామ నవ్వినట్టనిపించింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఇంకాసేపటికి ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, గొర్రెపిల్లను వదిలేసి, ఆమె ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నారు. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి అంత బుద్ధిగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె వెనక్కి వచ్చి ఫోన్ తీసుకుని, పా పాపా, మీ అమ్మ ఎదురుచూస్తాంటాది అంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేదు గానీ మా అమ్మకు ఉంది. ఆమె అడిగింది, ఎండల గురించి తెలుసుకుంది.

ఆ వారంలోనే మామ టీ కొట్టుకు పోయాడు. సూది వేళాకోళం మొదలుపెట్టబోతే, సోమవారం నేను కంటికి పోతాండా, మా అక్కను తోడు తీసకపోతాండా అన్నాడట. అక్క అంటే పెద్దమ్మే. ఊరికి దానికంటే పెద్ద సంగతి ఇంకొకటి అప్పటికే తెలిసింది. దొడ్డి దగ్గర పెద్దమ్మ మామకు ఏదో చెప్పిందని. ఊళ్ళో అందరి గుట్టూ తెలిసిన మనిషి తన గుట్టు విప్పిందంటే మాటలా? బావమరిది పంచదార ఎక్కువ వేసి టీ ఇచ్చాడు. మామ తాగాడు. బిస్కెట్లు పెట్టాడు. మామ తిన్నాడు. ఏందంట బావా అని అడిగితే, మీసం తుడుచుకుని, ఎండలు ముదిరినాయి రా అని లేచిపోయాడట. అలా ఎన్ని పూటలు ఊరికే టీలు తాగాడో లెక్కలేదు. అత్త కూడా వారం రోజుల తర్వాత మాట కలిపింది. దానికి కారణం క్షమాగుణమా, ఆ గుట్టేమిటో తెలుసుకోవాలన్న ఆరాటమా నేను చెప్పలేను. ఆమెకూ ఏమీ దక్కలేదు.

ఆపరేషన్ రోజు నేను ఆస్పత్రికి వెళ్ళాను. లోపలికి పోయేముందు మామ పెద్దమ్మ చేయి పట్టుకుని, చిన్నపిల్లాడిలా, నువ్వు ఈడనే ఉంటావు గదక్కా అన్నాడు. చుట్టూ మా ఊరివాళ్ళు ఉన్నారు, విన్నారు. ఎవరూ నవ్వలేదు. బయటికొచ్చాక నల్ల కళ్ళద్దాలతో ఆయన దొరబాబులా ఉన్నాడు. సూది పెట్టినట్టే తెలియలేదని ఆయన ఆ రోజు ఆస్పత్రిలో దొరికిన ప్రతి మనిషికీ చెప్పాడు.

తర్వాతి శుక్రవారం నేను ఊళ్ళోనే ఉన్నాను. ప్రార్థన అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. అత్త ఒక్కతే వెనక ఉండిపోయింది. మా గోడ మీదుగా చూస్తే పెద్దమ్మ నెత్తిన కొంగు పడింది. మా అమ్మ నన్ను లోపలికి లాగి తలుపు వేసింది. మా అమ్మ అంత మర్యాదగా ప్రవర్తించడం చూసి నేను ఆశ్చర్యపోయాను. ఇంకో శుక్రవారానికి మరో ఇద్దరు, ఆ తర్వాత మునుపటి మాదిరే. గిద్దలూరులో పిల్లకు కాన్పయింది, ఆడపిల్ల. ఆ కబురు వచ్చినప్పుడు పెద్దమ్మ ఫోన్ నిద్రపుచ్చి ఉన్నా మోగింది. మోగుతుందా మోగదా అని అన్నాళ్ళూ లోలోపల భయపడ్డానని అప్పుడు చెప్పింది. ఆమె దగ్గర నుంచి నాకు పొరపాటు ఫోన్లు రావడం ఆగిపోయింది. నిజం చెప్పాలంటే ఆ కోడిపెట్ట సంగతులు తెలియక కొన్నాళ్ళు నాకు తోచలేదు.

పోయిన ఎండాకాలానికి ముందటి ఎండాకాలం ఆమె ఒక మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయింది. నేను చేరేసరికి పెట్టెలో పడుకోబెట్టి వాకిట్లో ఉంచారు. పూలదండ వేసి, కడసారి చూసుకుని, పక్కకు జరగాలి. అది క్షణం పని. కానీ వరస కదలడం లేదు. ముందుకు పోయి చూస్తే, దగ్గరికి వెళ్ళిన ప్రతి ఆడమనిషీ దండ వేశాక పెట్టె మీదికి వంగి ఆమె చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతోంది. ఒకరు చెబుతుంటే తక్కినవాళ్ళు నాలుగడుగులు వెనక నిలబడి పక్కకు చూస్తున్నారు. ఇలా చేయమని ఎవరూ చెప్పలేదు. పాస్టరుగారు బైబిలు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి మూసి, కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

మామ వంతు వచ్చింది. ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని వంగాడు. అందరికంటే ఎక్కువసేపు చెప్పాడు. మధ్యలో ఒకసారి ఆగి, గుర్తు తెచ్చుకుని, మళ్ళీ చెప్పాడు. లేచేసరికి రెండు కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఆయన బావమరిది చేయి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు గానీ ఏమీ అడగలేదు.

తర్వాత నేను వంగాను. చెప్పాల్సింది నాకూ ఉంది, అనుకున్నదానికంటే చాలానే ఉంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. వెనక నిలబడినవాళ్ళెవరూ నన్ను తొందరపెట్టలేదు.